సర్వర్‌కు బొట్టు

ఆ రోజుల్లో నాకు 'ఆటోమేటిక్' అనే మాటంటే ఎంత మోజో చెప్పలేను. మనిషి చెయ్యి తగలకుండా దానంతటదే జరిగిపోయేదే అసలైన పని అనీ, మనిషి చెయ్యి పెట్టాల్సి వచ్చిందంటే అక్కడ ఏదో లోపం ఉన్నట్టేననీ నా గట్టి నమ్మకం. (మా అమ్మ చీకటితోనే లేచి నాకు అన్నం డబ్బా సర్దితే, అది కూడా దానంతటదే సర్దుకుంటుందని అనుకునేదాన్ని కాబోలు.) ఇరవై మూడేళ్లు. కారేపల్లి నుంచి ఖమ్మానికి రోజూ బస్సులో వెళ్లి వచ్చే మొదటి ఉద్యోగం. ఆరు నెలలు పని చూసి, నచ్చితే పర్మినెంటు చేస్తామన్నారు. మెడలో సంస్థ వాళ్లిచ్చిన గుర్తింపు కార్డు, దాని మీద 'సిస్టమ్స్' అన్న మాట. ఆ కార్డును బస్సులో కూడా తీసేదాన్ని కాదు. పక్క సీటులోని వాళ్లు అడుగుతారేమోనని ఎదురుచూసేదాన్ని. ఒక్కరూ అడగలేదు.

మాదొక స్వచ్ఛంద సంస్థ. భద్రాచలం వైపు వెళ్లే రోడ్డులో, అడవి మొదలయ్యే చోట, దానికొక చిన్న రేడియో స్టేషన్ ఉండేది. చుట్టుపక్కల గూడేలకు, ఊళ్లకు మాత్రమే వినిపించే రేడియో. కోయలో కొన్ని కార్యక్రమాలు, తెలుగులో కొన్ని. దవాఖానాకు డాక్టరు ఏ రోజు వస్తాడు, పత్తికి ఏ పురుగు పట్టింది, ఎవరి మేకలు తప్పిపోయాయి, మధ్యలో పాటలు. ఉన్నవి రెండే గదులు. లోపలి గది స్టూడియో. అక్కడ కూర్చుని మాట్లాడే ఆవిడను అందరూ మైకక్క అనేవాళ్లు. బయటి గది ఆఫీసు. అక్కడ అటెండరు, వాచ్‌మన్, వంటమనిషి, అన్నీ తానే అయిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన్ని ప్లగ్గు తాత అనేవాళ్లు. ఆ పేరు ఎందుకొచ్చిందో ముందే కనుక్కుని ఉంటే ఈ కథే లేదు. నేను కనుక్కోలేదు. అసలు ఆ స్టేషన్‌ను ఎప్పుడూ చూడనే లేదు. ఖమ్మంలో ఫ్యాను కింద కూర్చుని, అక్కడి సర్వర్‌ను ఇక్కడి తెర మీద నుంచే నడిపించేదాన్ని. మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న యంత్రం నేను టైపు చేసిన మాట వింటోందంటే, నాకు నేనే ఏదో మంత్రగత్తెలా అనిపించేది.

ఆ సర్వర్ అంటే యూనిక్స్ జాతి సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న కంప్యూటర్ పెట్టె. దానికి బొటనవేలంత ఉండే రెండు సౌండు ముక్కలు, అంటే మైకు మాటను కంప్యూటర్‌కు అందించే పరికరాలు, తగిలించి ఉండేవి. ఒకదానికి స్టూడియో మైకు. అందులో మాట్లాడింది గాల్లోకి, అంటే రేడియోలోకి వెళుతుంది. రెండోదానికి బయటి గది టేబుల్ మీది మైకు. అది తాత లోపలున్న మైకక్కతో మాట్లాడటానికి మాత్రమే. "ఇంగ ఐదు నిముషాలే ఉన్నది", "చాయ్ తెమ్మంటవా" లాంటివి. మాట్లాడేటప్పుడు మైకు బటన్ నొక్కి పట్టుకోవాలి. వేలు నొప్పి పుడుతోందని తాత ఆ బటన్‌కు రబ్బరు బ్యాండు వేసి ఉంచేవాడు. (ఇదీ నాకు తర్వాత తెలిసిన సంగతే.) మైకక్క తిరిగి ఏమైనా చెబితే తాత టేబుల్ మీది చిన్న స్పీకరు పెట్టెలో వినిపిస్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే, సర్వర్ ఆగి మళ్లీ ఆన్ అయినప్పుడల్లా ఆ రెండు ముక్కల్లో ఏది ముందు లేస్తే దాన్ని ఒకటో నంబరు అనుకునేది. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి ముందు కర్చీఫ్ విసిరినవాళ్లదే సీటు కదా, అచ్చం అలాగే. ఒకటో నంబరు దక్కినవాళ్ల మాటే రేడియోలోకి వెళుతుంది. చాలాసార్లు స్టూడియో మైకే ముందు లేచేది. వానాకాలం మొదట్లో ఒకరోజు మాత్రం టేబుల్ మైకు ముందు లేచింది. మైకక్క లోపల కంటి పరీక్షల శిబిరం గురించి చదువుతోంది. రేడియోలో మాత్రం ప్లగ్గు తాత ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్న మాటలు వచ్చాయి. "చింతపండు పులుసు ముందుగాల పొయ్యొద్దు బిడ్డా, చేప బిర్రుగ గట్టిపడ్తది. మెంతులు జర ఎక్వనే ఎయ్యి." పావుగంట సేపు బొమ్మిడాయల పులుసు. కంటి శిబిరం గురించి ఎవరూ ఫోన్ చేయలేదు గానీ, మెంతులు వేయించి వెయ్యాలా పచ్చివే వెయ్యాలా అని నలుగురు ఫోన్ చేశారట.

మా సార్ సత్తుపల్లి వైపు మనిషి. కోపం వచ్చినా మెత్తగానే మాట్లాడతారు, అందుకే మరీ భయం. "ఏంటమ్మా ఇది? కరెంటు పోయొచ్చినప్పుడల్లా మనకు వంటల కార్యక్రమమేనా? దీనికేదో ఒకటి చెయ్యి" అన్నారు. "ఆటోమేటిక్ చేసేస్తాను సార్" అన్నాను. ఆ మాట అనడానికి దొరికిన మొదటి అవకాశం అది.

నిజానికి దారి ఉంది. సర్వర్ ఆన్ అయ్యేటప్పుడే తనకు తగిలించి ఉన్న పరికరాలను ఒక్కొక్కటిగా పలకరించి, ఇది ఫలానా, దీని పేరు ఇది, దీని పని ఇది అని ఎవరి చోట వాళ్లను కూర్చోబెట్టేలా నియమాలు రాయొచ్చు. ముందు వచ్చిందా వెనక వచ్చిందా అన్న గొడవే ఉండదు. ప్రతి పరికరానికీ తయారుచేసినవాళ్లు లోపల ఒక నంబరు వేస్తారు, దాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు. ఖమ్మం నుంచే ఆ సర్వర్‌ను అడిగాను, నీకు తగిలించి ఉన్నవాళ్ల నంబర్లు చెప్పవే అని. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. రెండూ ఒక్కటే. అక్షరం తేడా లేదు. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పకుండా దాటేయాలని ఉంది గానీ, అది చెప్పకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు. ఒకే వరుస పొరపాటున రెండుసార్లు పడిందనుకుని, ఒకదాన్ని కొట్టేశాను. ఆ నంబరున్న ముక్క స్టూడియోది, మిగిలినది టేబుల్‌ది అని నియమం రాశాను. ఆ రెండూ ఖమ్మంలో ఒకే దుకాణంలో ఒకే డబ్బాలోంచి కొన్న చవకరకం ముక్కలనీ, తయారుచేసిన మహానుభావులు అన్నిటికీ ఒకే నంబరు కొట్టి పంపారనీ నాకు తట్టనే లేదు.

పరీక్ష చెయ్యాలి కదా. ఖమ్మం నుంచే సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఆ రెండు నిమిషాలు ఆపరేషన్ గది బయట కూర్చున్నట్టే కూర్చున్నాను. లేచింది. స్టూడియో మాటే రేడియోలో వచ్చింది. అది నా నియమం గొప్పతనం కాదు, ఆ రోజు అదృష్టం. పదిసార్లు పరీక్షించినట్టు సార్‌కు పెద్ద మెయిల్ రాశాను. "ఇకపై స్టేషన్‌లో మనిషి ప్రమేయం అవసరం లేదు" అన్నది అందులో చివరి వాక్యం. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను. మురిపెం అంతటితో ఆగక, ఆ రేడియో ఇంటర్నెట్ మీదుగా మా ఖమ్మం ఆఫీసులో కూడా రోజంతా వినిపించేలా సార్ గదిలో చిన్న స్పీకరు పెట్టించాను. నేను చేసిన పని ఎంత బాగా నడుస్తోందో సార్ రోజూ వినాలి కదా మరి!

వారం తిరగలేదు. ఆ రోజు స్టేషన్‌కు అతిథిగా అక్కడి హెడ్మాస్టరు గారు వచ్చారు. చదువు, క్రమశిక్షణ మీద ప్రసంగం. ముందుగా రికార్డు చేసి పెట్టిన మైకక్క గొంతు తియ్యగా పలికింది, "ఇప్పుడు మన గౌరవ అతిథి మాటలు విందాం." ఆ వెంటనే సార్ గది స్పీకరులోంచి ప్లగ్గు తాత గొంతు ఖంగుమంది. "మళ్లొచ్చినవా? సిగ్గున్నదా నీకు? మొన్ననే గద కొట్టి ఎల్లగొట్టిన! గా మూతేంది, గా గడ్డమేంది! నడువ్ బయటికి!" వరండాలోకి వచ్చిన మేకను అదిలిస్తున్నాడు పాపం. అయితే హెడ్మాస్టరు గారికి కూడా గడ్డం ఉండటం, ఆ సమయానికి వాళ్లింట్లో చుట్టాలంతా రేడియో చుట్టూ కూర్చుని ఉండటం మా ఖర్మ. గంటలో ఆయన నుంచి సార్‌కు ఫోన్ వచ్చింది.

నేను వెంటనే స్టేషన్‌కు ఫోన్ చేశాను. తాతే ఎత్తాడు. "వైర్లు ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాను. "అవ్ బిడ్డా, నేనే పీకిన. మబ్బు పట్టింది గద, అన్ని పీకి, వాన పోయినంక మళ్ల పెట్టిన. మంచిగనే పెట్టిన, తుడిచి మరీ" అన్నాడు, మెచ్చుకుంటానేమోనన్నట్టు. నాకు ప్రాణం లేచి వచ్చింది. దొరికాడు దొంగ! ఇంకేమీ ఆలోచించలేదు. "స్టేషన్ సిబ్బంది అనుమతి లేకుండా వైర్లు తొలగించడమే సమస్యకు కారణం. నా వైపు నుంచి ఏ లోపమూ లేదు" అని సార్‌కు రాశాను. ఆ వాక్యాన్ని మాత్రం రెండోసారి చదవలేదు.

మర్నాడు సార్ నన్ను పిలిచి ఒక కవరు చేతిలో పెట్టారు. "నువ్వు రేపు స్టేషన్‌కి వెళ్లు. వైర్లన్నీ నీ కళ్లతో చూసి సరిచెయ్యి. ఈ కవరు ఆ పెద్దాయనకి ఇచ్చెయ్యి. వచ్చే నెల నుంచి ఆయన రానక్కర్లేదు. ఫోన్‌లో చెప్పడం బాగోదు" అన్నారు. నేను తలూపి బయటికొచ్చాను. ఒక మనిషి ఉద్యోగం నా సంచిలో, అన్నం డబ్బా పక్కన పడి ఉంది. ఎందుకో ఆ డబ్బాను తీసి చేత్తోనే పట్టుకున్నాను.

బస్సు కొత్తగూడెం దాటాక వాన మొదలైంది. రోడ్డుకు రెండువైపులా చెట్లు చిక్కబడుతున్న కొద్దీ నా ఫోన్‌లో సిగ్నలు పలచబడుతూ వచ్చింది. స్టాపులో దిగేసరికి గొడుగు పట్టుకుని ఒక సన్నటి పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన పంచె, చెవి మీద పెన్ను. "నువ్వేనా బిడ్డా ఖమ్మం ఇంజనీరువు? గొంతు ఇనుడే గాని మనిషిని చూడలే. నేను ప్లగ్గు తాతను" అని నా సంచి అందుకున్నాడు. ఇవ్వనంటే ఊరుకోలేదు. అలా తన ఉద్యోగం తీసేసే కాగితాన్ని తానే భుజాన వేసుకుని నా ముందు నడిచాడు. దారిలో చాయ్ కొట్టు దగ్గర ఆగి, "మా ఇంజనీరు బిడ్డ. ఖమ్మంల కూసోనే ఈడ మిషన్ లేపుతది" అని కొట్టాయనకు చెప్పాడు. నా గుర్తింపు కార్డును మొదటిసారి ఒక మనిషి పట్టుకుని చూసింది అక్కడే. నాకు దాన్ని జాకెట్టులోకి తోసేయాలనిపించింది.

మధ్యాహ్నం అన్నం తాతే వండి పెట్టాడు. దోసకాయ, ఎండు రొయ్యల కూర. నేను కూర ముట్టకుండా ఉత్త అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మైకక్క మాత్రం తింటూ తింటూ సంగతులు చెప్పుకొచ్చింది. "మీకు ఎరుక లేదు గాని మేడం, కిందటేడు గిట్లనే పిడుగు పడి మొదటి సర్వర్ మొత్తం కాలిపోయింది. మూడు వారాలు రేడియో బంద్. అప్పటిసంది తాత ఆకాశం జర నల్లబడితే చాలు, ముందుగాల బటన్ ఒత్తి మిషన్ ఆపుతడు, లైటు ఆరినంక గోడ ప్లగ్గులు, ఎనక తీగలు అన్ని పీకుతడు. గందుకే ప్లగ్గు తాత అంటరు." తాత బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన ఆ కాలిపోయిన సర్వర్‌ను తీసి చూపించాడు. ఒక మూల నల్లగా మాడిపోయి ఉంది. "పారెయ్యబుద్ధి గాలే. మంచిగ పని చేసింది పాపం" అన్నాడు. ఆ పిడుగుల ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లెవరూ ఉరుముతుంటే వైరు తగిలించి ఉంచరు. మా కారేపల్లిలో మా నాన్న కూడా టీవీ వైరు పీకి కిటికీలోంచి బయటికి విసిరేస్తాడు. అది తెలిసి తెలిసి, "మనిషి ప్రమేయం అవసరం లేదు" అని రాసిన తెలివి నాది.

తిన్నాక సర్వర్ వెనక్కు వెళ్లి ఆ రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని చూశాను. ఒకే రంగు. ఒకే పొడవు. ఒకే నంబరు. నేను కొట్టేసిన ఆ రెండో వరుస కళ్లముందు మెదిలింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. వైర్లు పీకినందువల్ల సమస్య రాలేదు. కవలపిల్లలిద్దరికీ ఒకే పేరు పెట్టి, పిలిస్తే ఒకరే పలకాలని నేను పట్టుపట్టినందువల్ల వచ్చింది. తాత చేసిన పని నిజానికి ఆ యంత్రాన్ని కాపాడుతోంది.

మూడు గంటలవుతుండగా మళ్లీ మబ్బు పట్టింది. తాత ఎక్కడున్నాడో గానీ ఉరుము కంటే ముందే వచ్చి, బటన్ ఒత్తి, లైటు ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడి, వైర్లన్నీ పీకి, వాటి కొసలు బల్ల మీద ఆరబెట్టినట్టు వరసగా పెట్టాడు. అరగంట వాన దంచి వెలిసింది. తీగలన్నీ తుడిచి తుడిచి మళ్లీ పెట్టాడు. టేబుల్ మీది స్పీకరు ప్లగ్గు ఒక్కటి మాత్రం ఇంకా పెట్టలేదు. సర్వర్ లేచింది. మైకక్క లోపలికెళ్లి తలుపు వేసుకుని తన కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ క్షణంలో నేను చేయాల్సిన పని ఒక్కటే, ఏ ముక్క ఒకటో నంబరు అయిందో చూడటం. ఆ ఒక్క పని కోసమే సంస్థ నాకు బస్సు టికెట్టు కొనిచ్చింది. నేను అది మరిచిపోయి, టేబుల్ ముందు తాతకు ఎదురుగా కూర్చుని కవరు బయటికి తీశాను.

"తాతా, నీకొకటి చెప్పాలె" అన్నాను. అప్పటిదాకా పెట్టుకున్న ఆఫీసు తెలుగు ఎటో పోయి, మా ఇంటి మాటే వచ్చింది. "తప్పు నీది కాదు తాతా, నాది. గా రెండిటికి ఒకటే నంబరు ఉన్నది. నేను జూసిన. జూసి కూడ రెండుసార్లు పడ్డదనుకొని ఒకటి కొట్టేసిన. ఒక్కసారి పరీక్ష చేసి పదిసార్లు చేసినట్టు రాసిన. మేక ముచ్చట అయినంక నన్నంటరని భయమైంది, నీ మీద రాసిన. సార్‌కు కంప్యూటర్ సంగతి ఏం తెల్వది, నేనేం రాస్తే అదే నమ్ముతడు. ఇగో, నిన్ను రావద్దని ఇచ్చిన కాయితం. పొద్దటిసంది ఇయ్యలేక సస్తున్న." ఏడుపొచ్చేసింది. గట్టిగా ముక్కు చీదుకున్నాను. (అది కూడా చాలా స్పష్టంగా వినిపించిందని తర్వాత చెప్పారు.)

తాత కవరు వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. తీగలు తుడిచిన గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "గందుకేనా బిడ్డా రొయ్యల కూర ముట్టలే? నేను కారమెక్కువైందేమో అనుకున్న." నాకు ఏడుపు మరింత ఎక్కువైంది. "చూడు బిడ్డా, ఉద్యోగం పోతే పోనీ అని నేననను. నాకు గావాలె గది. మా ముసలామెను నెల నెల దవాఖానకు తీస్కపోవాలె. గాని నువ్వు ఏడ్వకు. రాసిన చేత్తోనే కొట్టెయ్యి, అయిపాయె. గా రెండు ఒక్క తీరుగ ఉన్నయంటివి. మరి ఏది ఏ బొక్కల పెట్టాల్నో నువ్వు నాకు చెప్పలే, నేను నిన్నడగలే. ఇద్దరం తెలివిగల్లోళ్లమే!"

అప్పుడే ఫోన్ మోగింది. నా ఫోనే. సార్. ఎత్తి "సార్" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. "అమ్మా, నాకు కంప్యూటర్ గురించి ఏం తెలీదన్నావు, నిజమే. కానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి" అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత నా కళ్లు మెల్లగా టేబుల్ మీది మైకు మీదికి వెళ్లాయి. దాని బటన్ మీది రబ్బరు బ్యాండు మీదికి వెళ్లాయి. నేనే పెట్టించిన సార్ గది స్పీకరు గుర్తొచ్చింది. స్టూడియో అద్దంలోంచి చూస్తే మైకక్క ఏమీ ఎరగకుండా, ఎవరికీ వినపడని కార్యక్రమాన్ని చిరునవ్వుతో చదువుతూనే ఉంది. నేను మైకు మీద పడి రబ్బరు బ్యాండు పీకేశాను. "ఇప్పుడు తీసి ఏం లాభంలే" అన్నారు సార్. "ఆ కవరు విప్పకుండా వెనక్కి తీసుకొచ్చెయ్. నీ సంగతి రేపు మాట్లాడదాం. ముందు ఆ పెద్దాయన్ని అడిగి పని పూర్తిచెయ్యి. నీకంటే ఆయనకే ఎక్కువ తెలిసినట్టుంది."

పని పూర్తిచేసింది కూడా నిజంగా తాతే. ముక్కలకు వేరే పేరు లేకపోయినా, అవి దూరే పోర్టులకు, అంటే తాత అన్న ఆ బొక్కలకు, మాత్రం సర్వర్ లెక్కలో ఎవరి చోటు వాళ్లకుంది. ఫలానా పోర్టులో ఉన్నది స్టూడియోది, ఫలానా పోర్టులో ఉన్నది టేబుల్‌ది అని నియమం రాస్తే సరిపోతుంది. కాకపోతే ప్రతిసారీ వాటిని అక్కడే పెట్టాలి. "గంతేనా?" అన్నాడు తాత. లేచి వెళ్లి, గోడకున్న దేవుడి పటం ముందు నుంచి పసుపు, కుంకుమ డబ్బాలు తెచ్చాడు. చూపుడువేలు నీళ్లలో అద్ది, స్టూడియో ముక్కకు పసుపు బొట్టు, అది దూరే పోర్టు పక్కన పసుపు బొట్టు. టేబుల్ ముక్కకు కుంకుమ, దాని పోర్టుకు కుంకుమ. ఊరుకోకుండా సర్వర్ నుదుటన కూడా ఒకటి పెట్టాడు. నేను నియమాల్లో ఆ రెండు పరికరాలకు పెట్టిన పేర్లు కూడా అవే, పసుపు, కుంకుమ. ఐదుసార్లు ఆపి, అన్నీ పీకి, మళ్లీ పెట్టి చూశాం. ఐదుసార్లూ మైకక్క మాటే రేడియోలోకి వెళ్లింది. ఈసారి మెయిల్‌లో ఐదుసార్లని రాస్తే నిజంగానే ఐదుసార్లు.

తిరుగు బస్సు కోసం స్టాపులో నిలబడితే, బుట్టలో కూరగాయలు పెట్టుకుని కూర్చున్న ఒకావిడ నన్ను తేరిపార చూసి, "నువ్వేనా, సార్‌కు ఏం తెల్వదన్న పిల్లవు?" అంది. చాయ్ కొట్టాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. "మంచిగ ఒప్పుకున్నవ్ బిడ్డా. మేమంత పని బంద్ పెట్టి ఇన్నం. తాత ఉద్యోగం పోలేదు గద?" అని అడిగింది. "పోలేదమ్మా" అన్నాను. బస్సెక్కాక గుర్తింపు కార్డు తీసి సంచిలో పెట్టేశాను. అయినా కండక్టరు టికెట్టు కొడుతూ, "కారేపల్లికేనా? రేడియోల ఏడ్చిన గొంతు తీరుగనే ఉన్నది" అన్నాడు.

మర్నాడు సార్ నన్ను తీసెయ్యలేదు. ఆరు నెలలు నిండాక పర్మినెంటు కూడా చేశారు. ఒక్క షరతు పెట్టారు. ఇకమీదట నేను ఏదైనా 'ఆటోమేటిక్' అని రాసే ముందు ఫోన్‌లో దాన్ని ప్లగ్గు తాతకు చదివి వినిపించాలి. ఆయన సరేనంటేనే తనకు పంపాలి. ఆ సంస్థలో ఉన్నన్నాళ్లూ అలాగే చేశాను. మొదట్లో అవమానంగా ఉండేది. నేను పది నిమిషాలు చెప్పేదంతా తాత ఊ కొడుతూ ఓపిగ్గా వినేవాడు. చివర్లో ఒకే ప్రశ్న అడిగేవాడు. "అంత మంచిగనే ఉన్నది బిడ్డా. మరి పిడుగు పడితే?" ఆ ప్రశ్నకు జవాబు లేక ఎన్నిసార్లు మొదటి నుంచి రాశానో! ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఆఫీసు, నేను ఎప్పుడూ కళ్లతో చూడని వందలాది యంత్రాలు నా మాట విని వాటంతటవే లేచి పరికరాలను పేరుపేరునా పలకరిస్తుంటాయి. నా కింద పనిచేసే పిల్లలు మురిసిపోతూ చూపించేవాటిని చివరిదాకా విని, నేనూ అదే ప్రశ్న అడుగుతాను. వాళ్లు లాప్‌టాప్‌లు ఎత్తుకుని మళ్లీ మొదటికి వెళతారు.

పోయిన నెల మైకక్క ఫోన్ చేసింది. స్టేషన్‌కు కొత్త సర్వర్, కొత్త సౌండు పరికరాలు వచ్చాయట, హైదరాబాదు నుంచే ఒకసారి చూడమంది. చూశాను. మంచి రకం. దేని నంబరు దానికుంది. "ఇక బొట్ల అవసరం లేదక్కా, ఎందులో పెట్టినా వాటి పేరు అవే చెప్పుకుంటాయి" అన్నాను. "గా మాట తాతకు నువ్వే చెప్పు. పని మానేసి రెండేండ్లయింది గాని, కొత్త మిషన్ వచ్చిందంటే పసుపు కుంకుమ పొట్లాలు జేబుల ఏస్కొని వచ్చిండు" అని ఫోన్ తాతకిచ్చింది. గొంతు కొంచెం సన్నబడింది, అంతే. "ఆటోమేటిక్ అంటున్నవట గద బిడ్డా?" అన్నాడు. "అవ్ తాతా" అన్నాను. "మంచిదే. మరి పిడుగు పడితే?" ఈసారి నా దగ్గర జవాబుంది. ఇన్నేళ్లలో నేర్చుకున్న జవాబులు ఒకటి కాదు, పది ఉన్నాయి. కానీ చీదేసిన ముక్కుతో, చేతిలో కవరుతో ఆ టేబుల్ ముందు కూర్చున్న ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. దాని మీద జాలి కూడా వేసింది. "పెట్టు తాతా, బొట్టు పెట్టు" అన్నాను. అటువైపు మైకక్క, ఇంకెవరో కలిసి నవ్వుతున్నారు. (ఆ మైకు బటన్‌కు రబ్బరు బ్యాండు ఇంకా ఉందో లేదో అడగడం మళ్లీ మరిచిపోయాను.)